తడి చేతుల హారతి

ఆదోని బస్టాండులో ఎక్కినప్పటి నుంచి నేను ఆయన చేతులనే చూస్తున్నాను, ఆయన మాత్రం కిటికీలోంచి చేలను చూస్తున్నాడు. రెండు చేతులకూ మణికట్టు దాకా కట్లు, వేళ్లకు ఒక్కొక్కదానికీ విడివిడిగా చుట్టారు, ఎవరివో తెచ్చి తనకు అప్పజెప్పి పోయినట్టు రెండింటినీ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మా కొడుకు సాయిరాం మిల్లు పని పక్కన పెట్టి కారులో నేనే తీసుకుపోతాను నాన్నా అన్నాడు, ఈయన వద్దన్నాడు, కారులో కూర్చుంటే చేలు కనిపించవట, బస్సు కిటికీ ఎత్తుగా ఉంటుందట, ఎమ్మిగనూరు చేరేదాకా రెండు పక్కలా పత్తి ఎట్లా పగిలిందో చూసుకోవచ్చట. చేతులు కాలినా కళ్లు కాలలేదు కదా అని నాతో అన్నాడు, పొద్దున చొక్కా గుండీలు పెడుతుంటే. ఈ రోజు కట్లు పూర్తిగా విప్పుతారు. పద్దెనిమిది రోజులైంది. పోయిన వారం డాక్టరు నన్ను పక్కకు పిలిచి, చర్మం బాగానే వస్తోందమ్మా, వేళ్ల కొసల్లో స్పర్శ ఎంత మిగిలిందో మాత్రం కట్లు విప్పాకే చెప్పగలను అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా దాచుకున్నవి నా దగ్గర రెండు ఉన్నాయి, అది ఒకటి.

స్పర్శ అంటే డాక్టరుకు వేడి తెలియడం, చల్లన తెలియడం, సూది గుచ్చితే అబ్బా అనడం. ఈయన సంగతి అది కాదు. నలభై ఏళ్లుగా ఆదోని పత్తి యార్డులో ఇంద్రసేనయ్య అంటే ఆ రెండు చేతులే. రైతు మూట విప్పగానే చిటికెడు పత్తి తీసుకుని, గింజ వలిచేసి, రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య పట్టి లాగుతాడు, సగం పారేస్తాడు, మిగిలిన సగం మళ్లీ లాగుతాడు, నాలుగైదు సార్లు లాగేసరికి పోగులన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపుకు సర్దుకుంటాయి, అదీ పింజ. కళ్లు ఎటో ఉంటాయి, చదివేది వేళ్లే. ఇరవై తొమ్మిది అంటాడు, ఇరవై ఎనిమిదిన్నర అంటాడు, మిల్లీమీటర్లన్న మాట, తర్వాత మిషన్‌లో పెట్టి చూస్తే అదే వస్తుంది. పత్తి ఏ వానకు తడిసిందో కూడా చెప్పేస్తాడని యార్డులో అంటారు గానీ అది కొంచెం ఎక్కువ. మా పెళ్లిచూపుల రోజు నన్ను చూడాల్సిన మనిషి తల ఎత్తనే లేదు, ఎంత సిగ్గో అని మా అమ్మ మురిసిపోయింది, సిగ్గూ కాదు పాడూ కాదు, కూర్చున్న పరుపుకు కుట్టు ఊడిన చోట వేలు పెట్టి దూది లాగి చూస్తున్నాడు. పెళ్లయిన మూడో రోజు చెప్పాడు, మీ నాయనను పరుపు కుట్టినోడు మోసం చేసినాడు, పాత దూది కలిపినాడు అని. అప్పుడు వారం రోజులు మాట్లాడలేదు నేను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, నవ్వితే ఏడుపు కూడా వెంట వస్తుందేమోనని నేనూ కిటికీ వైపు తిరిగాను.

ఆదోని కొండలు వెనకబడ్డాయి. నల్లరేగడి మొదలైంది, ఎక్కడ చూసినా చెట్టు కొసన తెల్లగా విచ్చుకుని ఉంది పత్తి, ఆడవాళ్లు వరసలు పట్టి వంగి తీస్తున్నారు, నడుముకు కట్టుకున్న చీరె ఒడులు ఉబ్బి ఉన్నాయి. "ఈ చేను రెండో తీతకొచ్చినట్టుండాది" అన్నాడు ఆయన, చూపించడానికి చెయ్యెత్తబోయి, కట్టు గుర్తొచ్చి గడ్డంతో చూపించాడు. పద్దెనిమిది రోజులుగా అన్నీ గడ్డంతోనే చూపిస్తున్నాడు, నీళ్లూ, టీవీ రిమోటూ, వీపులో దురద పుట్టిన చోటూ. నలభై ఏళ్ల కాపురంలో నా చేత ఒక్క గుండీ పెట్టించుకోని మనిషి, తన కంచం తనే కడుక్కునే మనిషి, ఇప్పుడు నేను ముద్ద చేసి పెడితే నోరు తెరుస్తున్నాడు. మొదటి రోజు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడో రోజుకి, చారులో ఉప్పు తక్కువైంది అని పేచీ మొదలుపెట్టాడు. పదో రోజుకి, పప్పు ముద్ద ముందా చారు ముద్ద ముందా అని నేను అడగక్కర్లేకుండా పోయింది. ఒక్కోసారి ఇట్లానే ఉండిపోతే మాత్రం ఏముందిలే అనిపిస్తుంది, వెంటనే చెంపలు వేసుకుంటాను, ఆ చేతులు పింజ లాగకుండా ఆయన ఎన్నాళ్లు మనిషిలా ఉంటాడో నాకు తెలుసు. యార్డుకు పోని ఈ రోజుల్లో, పడుకున్నప్పుడు కూడా, కట్టు లోపల బొటనవేలూ చూపుడువేలూ కదులుతుంటాయి. ఏమీ లేని గాలిలో పింజ లాగుతుంటాడు.

మధ్యలో ఏదో స్టేజీ దగ్గర ఒకామె ఎక్కింది, జొన్న రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని మా ఎదురు సీట్లో కూర్చుంది. టికెట్టు కొట్టేటప్పుడు కండక్టరు ఆధార్ కార్డులో పేరు చూసి ఉచ్చీరమ్మా అని పిలిచాడు, ఏ ఊరని అడిగితే కోడలి ఊరు అంది, దాంతో కండక్టరుకూ నాకూ నవ్వొచ్చింది. ఆమె కళ్లు కట్ల మీదే ఉన్నాయి. కాసేపు ఆపుకుంది పాపం. "ఏమైందక్కా, ఈయప్ప సేతులకు?" అంది చివరికి. నేను నోరు తెరిచేలోపే ఆయన కిటికీ వైపు నుంచి తిరగకుండానే అన్నాడు, "హారతి తీసుకుంటాంటే కర్పూరం పడింది" అని. అదే మాట. ఆస్పత్రిలో అదే చెప్పాడు, యార్డులో అదే, చూడ్డానికి వచ్చిన బంధువులందరికీ అదే. డాక్టరు మాత్రం మొదటి రోజు చేతులు తిప్పి తిప్పి చూసి, కర్పూరం ఒక చోట పడితే ఒక చోట కాలాలి గదప్పా, రెండు అరచేతులూ వేళ్ల సందులూ సమంగా ఎట్లా కాలినాయి అని అడిగాడు. ఈయన పైకప్పు చూశాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను. కర్పూరం పడలేదు. అది నేను దాచుకున్న రెండో సంగతి.

అది ఒక పన్నీరు బుడ్డి. గులాబీ రంగు మూత, నా అరచేతికి సరిపోయేంత. లోపల పన్నీరు లేదు. కరోనా రెండో ఏడు సాయిరాం శానిటైజర్ అయిదు లీటర్ల క్యాను తెచ్చాడు, నీలం రంగుది, కరోనా పోయింది గానీ క్యాను పోలేదు, మా వ్యాపారస్తుల ఇళ్లలో ఏదీ ఊరికే పారబోయరు, మంచం కింద పెట్టి చిన్న చిన్న బుడ్లలోకి వంచుకుంటూ వాడుతున్నాను. వాడుతున్నాను అంటే మామూలుగా కాదు. మా అత్తగారి కాలంలో మడి అంటే తడి చీరె, వణుకు, ఎవరైనా తగిలితే మళ్లీ తల మీద చెంబెడు నీళ్లు. నా కాలానికి అది రెండు చుక్కలకు దిగింది. దేవుడి గూటి దగ్గర ఒక బుడ్డి, వంటింట్లో గ్యాసు పొయ్యి గట్టు మీద ఒక బుడ్డి, నా సంచిలో ఒకటి. బయటి నుంచి ఎవరొచ్చినా చేతుల్లో పోయాలి, పోశాక గానీ ప్రసాదం ఇచ్చేదాన్ని కాదు. తీర్థం ఉద్ధరిణెతో ఒక చుక్కేస్తాం, ఇది మాత్రం చేతులు కారేలా పోసేదాన్ని, ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకుని. క్యాను మీద ఎర్ర అక్షరాలతో ఏదో రాసి ఉంది, మంట బొమ్మ కూడా ఉంది, నేను చూడలేదని కాదు, బుడ్లలోకి వంచాక ఆ బొమ్మ బుడ్డి మీదకు రాదు కదా.

చెప్పినవాళ్లు లేకపోలేదు. మా కోడలు మాధురి చెప్పింది, అత్తమ్మా పొయ్యి గట్టు మీద వద్దు అని, నేను నీకంటే ముందు నుంచి వంట చేస్తున్నాను అన్నాను. ఎండాకాలంలో సాయిరాం కారు ముందు అద్దం దగ్గర పెట్టిన బుడ్డి ఉబ్బి మూత లేచిపోయింది, అది కంపెనీ బాగాలేక అనుకున్నాను. అన్నిటికంటే పెద్దది మనవరాలు భవ్యశ్రీ సంగతి. దానికి ఆరేళ్లు. వాళ్ల అమ్మ కళ్ల మంటకు పన్నీరులో దూది ముంచి కళ్ల మీద పెట్టుకోవడం చూసింది, ఒక మధ్యాహ్నం నా సంచిలోంచి గులాబీ మూత బుడ్డి తీసి, దూది ముంచి, వెల్లకిలా పడుకుంది. ఆ దూది కంటి దాకా పోకముందే మాధురి చూసింది కాబట్టి సరిపోయింది. దాని బుగ్గ మీద ఒక చుక్క పడితే చల్లగా ఉంది అవ్వా అని నవ్వింది. ఆ రోజన్నా బుడ్డి మార్చాలి కదా. మార్చలేదు, సంచి జిప్పు మాత్రం గట్టిగా వేసుకోవడం మొదలుపెట్టాను. ఇవన్నీ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి, బస్సు గుంటలో పడినప్పుడల్లా ఆయన చేతులు ఒడిలో ఎగిరి పడుతున్నాయి, నేను మెల్లగా కింద నా చేయి పెట్టాను.

విజయదశమి రోజు, కొత్త పత్తి ముహూర్తం. ఏటా ఆ రోజు యార్డులో మా అంగడి ముందు మొదటి రైతు పత్తి కుప్ప పోసి, దానికి పూజ చేసి, హారతి ఇచ్చాక ఈయన మొదటి పింజ లాగుతాడు. మొదటి రైతు ఎవరనేది ఏటా మారుతుంది, ఈ ఏడు మాధవరం నుంచి బజారి అనే రైతు వచ్చాడు, అర్ధరాత్రి బయల్దేరి పత్తి తెచ్చాడు, రొమ్ము ఎత్తు కుప్ప. ఈయన పొద్దుటి నుంచి అందరితో చేతులు కలుపుతూ, మూటలు తడుముతూ, బెల్లం పంచుతూ తిరిగాడు. కుళాయి గేటు దగ్గర ఉంది, దూరం. అప్పటికే అయ్యవారు కర్పూరం వెలిగించి పళ్లెం పట్టుకుని మొదట ఈయన దగ్గరికి వస్తున్నాడు. ఆ మురికి చేతులతో హారతి తీసుకుంటారా అని నేను సంచి జిప్పు లాగాను. పట్టండి అన్నాను. పట్టాడు. కారేలా పోశాను. రుద్దుకుంటుంటే, చాల్లెండి తొందరగా కానీండి, హారతి వచ్చేసింది అన్నాను. ఆ మాట నాదే. ఆయన ఇంకా తడి తడిగా ఉన్న రెండు చేతులూ మంట మీద చాచాడు, అందరం చాచినట్టే, కళ్లకద్దుకోవడానికి పైకి ఎత్తాడు, సగంలో ఆగిపోయాడు. నాకేమీ కనిపించలేదు. పదకొండు గంటల ఎండ, అందులో ఆ మంట కనిపించదు, చేతుల పైన గాలి మాత్రం వణికినట్టు ఉంది. ఎందుకు ఆగాడు, ఆ ముఖం ఎందుకట్లా అయింది అనుకున్నాను. ఎవరైనా చేతులు విదిలిస్తారు, ఎవరైనా సరే. ఆయన విదల్చలేదు. పక్కనే బజారి పత్తి. విదిలిస్తే ఒక్క చుక్క చాలు, ఆ కుప్పా, దాని పక్క కుప్పా, యార్డులోని పత్తంతా. రెండు చేతులూ ఎదురుగా చాపి పట్టుకుని, పళ్లు కరుచుకుని, వెనక్కి ఒక అడుగు, రెండు అడుగులు, మూడు, పత్తికి దూరంగా నడిచాడు. ఆ మూడు అడుగుల వల్లే అంత లోతుగా కాలింది. మొదట అర్థమైంది బజారికే, నీళ్ల క్యానుకు చుట్టిన తడి గోనె పట్టా లాగి రెండు చేతులనూ కప్పి నొక్కేశాడు.

తర్వాత యార్డంతా మూగింది. పేస్టు పూయమన్నారు ఒకరు, ఇంకు పోయమన్నారు ఒకరు, నెయ్యి తెమ్మని ఎవరో పరుగెత్తారు. బజారి అందరినీ తోసుకుంటూ ఆయన్ను గేటు దగ్గరి కుళాయికి తీసుకుపోయి దాని కిందే నిలబెట్టాడు. "ఏమీ పూయొద్దండప్పా, సల్లటి నీళ్లు పడనీండి, మా సిన్నోడికి కాలినప్పుడు నర్సమ్మ ఇదే సెప్పింది" అని ఇరవై నిమిషాలు ఎవరినీ దగ్గరికి రానీయలేదు. నేను సంచి గుండెకు అదుముకుని నిలబడ్డాను. సంచిలో బుడ్డి ఉంది. కర్పూరం పెద్ద పలక పెట్టినాడు అయ్యవారు, అది ఎగిరి పడింది అని ఎవరో అన్నారు, అవును కర్పూరమే అని ఆయన అన్నాడు, అంతే, అది నిజమైపోయింది. పాపం ఆ అయ్యవారు ఇప్పటికీ మా వీధికి రావడానికి ముఖం చెల్లక తిరుగుతున్నాడు. ఆ రాత్రి నేను ఇంట్లోని బుడ్లన్నీ ఏరి ఒక సంచిలో కట్టేశాను గానీ నోరు మాత్రం విప్పలేదు. నిన్న బజారి ఇంటికి వచ్చి ప్లాస్టిక్ కవరులో పిడికెడు పత్తి ఇచ్చి పోయాడు, "ఆ పొద్దు కుప్పలోదేనమ్మా, తీసి పెట్టినా, శెట్టి సేతులు బాగైనంక పింజ సూసి సెప్పమను" అని. అది కూడా ఇప్పుడు సంచిలోనే ఉంది, బుడ్డి ఉండిన చోట.

డాక్టరు కట్లు విప్పేలోపు చెప్పాలి. విప్పాక స్పర్శ ఉంటే, బాగైంది కదా ఇంకెందుకులే అని మానేస్తాను, లేకపోతే చెప్పే ధైర్యమే ఉండదు, నా సంగతి నాకు తెలుసు. రోడ్డు పక్కన ఎమ్మిగనూరు ఎనిమిది కిలోమీటర్లు అని రాయి పోయింది.

"ఏమండీ, ఆ పొద్దు మీ చేతుల్లో పోసింది నేను."

"ఆఁ" అన్నాడు, చేను చూస్తూనే.

"ఆఁ అంటే?"

"పోసింది నువ్వే కదా. నా చేతులు నా ముందరే ఉండె, నాకు కనపడల్యా?"

నేను ఆయన వైపు పూర్తిగా తిరిగాను. "మరి కర్పూరమని అందరికీ చెప్పింది ఏంటికి?"

"కర్పూరమంటే ఒక్క మాటతో పోతాది. బుడ్డి అంటే యా బుడ్డి, ఎవరు పోసినారు, ఎంత పోసినారు అని ఊరంతా వచ్చి నిన్ను పీకుతారు." గడ్డంతో నా చేతులు చూపించాడు. "పైగా మూడు పూట్లా నీ చేతి ముద్దే నాకు గతి. నీతో కయ్యం పెట్టుకుంటే కూడు ఎవరు పెడతారు?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పద్దెనిమిది రోజులు ఒకే కంచం ముందు కూర్చుని, ముద్ద ముద్దకీ ఇద్దరం ఒకటే సంగతి దాచుకున్నామా. ఎంత పిచ్చివాళ్లం. ఇప్పుడు నా మీద ఒక్క కేక వేసినా బాగుండేది, వేయడు, చారులో ఉప్పుకు వేస్తాడు గానీ దీనికి వేయడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ ఉందో ఆ క్షణంలో తెలిసినట్టు ఎప్పుడూ తెలియలేదు, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, అరవై దగ్గర పడ్డాయి. ఆయన మాత్రం నా వైపు తిరిగాడు, నుదురు ముడుచుకుని.

"నేను తప్పు చేసినా రాజేశ్వరీ. ఎల్లుండి దీపావళి. ప్రతి అంగట్లో పూజ, దీపాలు, హారతి. పళ్లెం పక్కనే ఒక బుడ్డి, మన ఇంట్లో మాదిరే. నేను కర్పూరం అని చెప్పినా కదా, అందరూ ఏం చేసుంటారు? కర్పూరం చిన్న పలక పెట్టుకుని ఉంటారు. బుడ్డి ఆడనే ఉంటాది. నువ్వు చెప్పు. నాకు ఫోన్ పట్టుకోను చేతుల్లేవు."

మా వీధి ఆడవాళ్ల గ్రూపు ఒకటి ఉంది ఫోన్లో, అందులో పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం చీరెలు. నూట పది మంది. వేలు మైకు బొమ్మ మీద పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. ఎదురుగా ఉచ్చీరమ్మ మా ఇద్దరినీ దాపరికం లేకుండా చూస్తోంది. చూస్తే చూడనీ.

"నేను రాజేశ్వరమ్మను మాట్లాడుతుండా. మా ఇంటాయన చేతులు కాలింది కర్పూరం పడి కాదు. హారతికి ముందు నేను శానిటైజర్ పోసినా, కారేటట్టు పోసినా, అది ఆరకముందే తొందర చేసినా. అది స్పిరిటు మాదిరి అంటుకుంటాది, పగటిపూట మంట కంటికి కూడా కనపడదు. అయ్యవారి తప్పేం లేదు. ఎల్లుండి పూజ కాడ, దీపాల కాడ, పటాకుల కాడ, పొయ్యి కాడ ఆ బుడ్డి పెట్టొద్దండి. వాడితే రూపాయి బిళ్లంత చాలు, చేతులు పూర్తిగా ఆరేదాకా రుద్దుకుని, ఆరినంకనే వేరే పని. చేతులకు మురికో నూనో ఉంటే సబ్బు పెట్టి కడుక్కోండి, మురికిని శానిటైజర్ పోగొట్టదు. పన్నీరు బుడ్లలో, నీళ్ల సీసాల్లో పోసి పెట్టొద్దండి, మా భవ్యశ్రీ కంటికి పెట్టుకోబోయింది. పిల్లోళ్లకు అందకుండా పెట్టండి. నేను తెల్సి చేసింది కాదు, అయినా చేసింది నేనే."

వేలు తీశాను. పంపినట్టు చిన్న చప్పుడు వచ్చింది. ఫోను ఒడిలో పెట్టుకున్నాను. ఉచ్చీరమ్మ మూట విప్పి, రొట్టె మీద ఇంత శనగల పొడి చల్లి, నా చేతిలో పెట్టింది, తిను అన్నట్టు. "సేనుకు మందు కొట్టొచ్చి ఆ బుడ్డి నీళ్లే పూసుకుంటాండారమ్మా మా కోడలూ కొడుకూ. సేతులకు మందు ఉంటే అది పోతాదా?" అంది. పోదు, సబ్బూ నీళ్లే కావాలి, బాగా కడుక్కుని గానీ కూడు ముట్టొద్దని చెప్పు అన్నాను, నాకే ఆశ్చర్యమైంది, నేను చెబుతున్నానా అని. "దిగంగానే సెప్తా" అంది ఆమె. నేను రొట్టె తుంచి ముందు ఆయన నోట్లో పెట్టాను, శనగల పొడి మీసానికి అంటుకుంది. ఫోను ఒకటే మోగడం మొదలుపెట్టింది. ఎవరో ఏమేమో తిడుతున్నారనుకుని తెరవలేదు, తెరిచాక చూస్తే, దీపం పక్కనే ఉండె వదినా ఇప్పుడే తీసినా అని ఒకామె, మా అంగట్లో కూడా తీయిస్తుండా అని ఒకామె, మీ ఆయనకు ఎట్లుండాది అని పదిమంది. మాధురిది చివర. అత్తమ్మా, మంచం కింద క్యాను బయటికి తీయించినా, మీరు ఏడవద్దు, మామయ్యకు బొరుగులు తీసుకురాండి అని ఉంది. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు వినిపించే సందులు వచ్చాయి, ఆయన సీట్లోంచి లేవడానికి నా భుజం మీద మోచెయ్యి ఆనించాడు.

నర్సింగ్ హోము గుమ్మంలో దానమ్మ ఉంది, అక్కడి నర్సు, ఈ పద్దెనిమిది రోజుల్లో నన్ను సొంత కూతురు కసిరినట్టు కసురుకోవడం అలవాటైపోయింది ఆమెకు. లోపలికి పోతూ నేను గోడకున్న శానిటైజర్ కిందికి చెయ్యి పెట్టబోతే ఆపింది. "రొట్టె తిని వచ్చినట్టుండావు, జిడ్డు చేతులకు అదేం పనికొస్తాది, పోయి సబ్బు పెట్టి కడుక్కో పో" అంది. కడుక్కుని వచ్చాను. డాక్టరుకు కూర్చోకముందే చెప్పేశాను, కర్పూరం కాదు సార్, నేనే అని. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు, తెలుసమ్మా, ఆ కాలిన తీరు చూస్తేనే తెలిసింది, మీరు చెబుతారేమోనని చూస్తున్నాను అన్నాడు. ఈ లోకంలో అది రహస్యం కాదని తెలియనిది నాకొక్కదానికేనేమో.

దానమ్మ కట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, తెల్లటి గుడ్డ కిందికి జారుతూ పళ్లెంలో కుప్పగా పడుతోంది. ఎడమ చెయ్యి ముందు బయటికి వచ్చింది. గులాబీ రంగు, పలచగా, మెరుస్తూ, అప్పుడే పుట్టిన బిడ్డ పాదంలా ఉంది, ఆ చెయ్యి నాకు తెలిసిన చెయ్యి కాదు. తర్వాత కుడిది. ఆయన వేళ్లను మెల్లగా ముడిచాడు, చాచాడు, ఎడమ చిటికెన వేలు సగమే వంగింది. డాక్టరు పళ్లెంలో ఉన్న దూదిలోంచి చిన్న పోగు లాగి, కొస సన్నగా చేసి, కళ్లు మూసుకోండి, తగిలినప్పుడు చెప్పండి అన్నాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. డాక్టరు దూది కొసతో కుడి బొటనవేలి కొన మీద రాశాడు. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ రాశాడు. ఏమీ అనలేదు. చూపుడువేలి మీదికి పోయాడు, నెమ్మదిగా, ఒకసారి, రెండుసార్లు.  డాక్టరు ముఖంలో ఏదో మారింది, దానమ్మ నా వైపు చూసి చూపు తిప్పుకుంది. నేను గోడ పట్టుకున్నాను. అయిపోయింది, నలభై ఏళ్ల చేతులు, నేను కారేలా పోసిన రెండు గుక్కల నీళ్లతో, ఒక్క తొందర మాటతో. సంచిలో బజారి పత్తి ఉంది, దాన్ని ఏం చేయాలి, వెనక్కి ఎట్లా ఇవ్వాలి.

"తగలడం లేదా అండీ? తగిలితే చెప్పమన్నాను" అన్నాడు డాక్టరు, చాలా మెల్లగా.

"తగుల్తాండాది" అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండా, చిరాగ్గా. "చూస్తుండా, ఆగప్పా." ఇంకోసారి బొటనవేలితో ఆ దూది కొసను తనే నొక్కిపట్టాడు. "ఇదేం పత్తి డాక్టరూ? మిల్లులో దువ్వినంక కింద రాలే చెత్త ఇది. పన్నెండు మిల్లీమీటర్లు కూడా లేదు. దీన్నా మీరు నా చేతులకు కట్టింది?"

దానమ్మ ముందు నవ్వింది. డాక్టరు నవ్వలేదు, ఇంకో వేలు, ఇంకో వేలు రాసి చూశాడు, ఎడమ చిటికెన వేలూ దాని పక్కదీ తప్ప అన్నిటికీ ఈయన ఏదో ఒకటి విసుక్కున్నాడు, అప్పుడు నవ్వాడు. ఆ రెండూ కూడా టైం పడుతుంది గానీ వస్తాయనే అనుకుంటున్నాను, ఇంకో రెండు వారాలు పచ్చి పత్తి ముట్టకూడదు, దుమ్ము పడకూడదు, తర్వాత మీ యార్డు మీది అన్నాడు. నేను సంచిలో చెయ్యి పెట్టి బజారి కవరు ఒక్కసారి తడుముకుని అక్కడే ఉంచేశాను. రెండు వారాలు. పత్తి చెడిపోయేది కాదు.

నాకు ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. ముందుకు వంగితే దానమ్మ గోడకున్న శానిటైజర్ వైపు చూపించింది, కొత్త చర్మం, సంచిలో పెట్టిన చేతులతో ముట్టొద్దని. పోయి ఒక్కసారి నొక్కాను, ఒక్కసారే, అరచేతిలో రూపాయి బిళ్లంత పడింది, వేళ్ల సందుల్లోకి రుద్దుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. చల్లగా ఉంది, ఇంకా తడి. ఆయన గులాబీ రంగు చెయ్యి చాచి పెట్టుకుని నా చేతులను చూస్తున్నాడు.

"ఆరిందా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"ఆరనీ" అన్నాడు. "తొందరేముండాది."